పద్దెనిమిదో గుంత దగ్గర కొలత మనిషి

ఆ రోజు ఆఫీసుకి సెలవు. బయట వాన పడుతోందో, ఎండ కాస్తోందో ఆ మూడో అంతస్తు గదిలో కూర్చున్నవాళ్ళకి తెలిసే దారే లేదు. తెరల మీద రంగులు ఉన్నవి ఉన్నట్టు కనపడాలని కిటికీలన్నిటికీ నల్లగుడ్డ కొట్టేశారు. పట్టపగలు కూడా లోపల అమావాస్యే. ఏసీ మూలుగు, కంప్యూటర్ల వేడి వాసన, ఓ మూల గొట్టం నుంచి చుక్కా చుక్కా కారే నీళ్ళు. అంతే.

గదిలో ఉన్నది ఇద్దరు. అతన్ని ఆఫీసులో అందరూ మాలి అంటారు. పొద్దస్తమానం గడ్డి పెంచుతాడు కదా మరి! నిజం గడ్డి కాదు, కంప్యూటర్లో గడ్డి. జనం ఇంట్లోనే కళ్ళకి హెడ్‌సెట్ తగిలించుకుని గోల్ఫ్ ఆడుకుంటారే, ఆ మైదానాలు చేసేది ఇతనే. ఇక్కడో దిబ్బ లేపి, అక్కడో ఇసక మడుగు పెట్టి, చివర్న బంతి పడే చిన్న గుంత పెడతాడు. అలాంటివి పద్దెనిమిది గుంతలు కలిస్తే ఒక మైదానం.

రెండో మనిషి పిచ్చుక. మాలి చేసిన మైదానాన్ని అందరికంటే ముందు ఆడి చూసి తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. పై నెలలో మాలిని పెళ్ళి చేసుకోవడం ఆమె సొంత నిర్ణయం. మనిషి పొట్టి. "ఐదడుగులైనా ఉంటావా?" అని ఎవరైనా అన్నారో, అయిపోయారే. "నాలుగడుగుల పదకొండున్నర అంగుళాలు! ఆ అర అంగుళం నా కష్టార్జితం, దాన్ని మాత్రం వదలకండి" అంటుంది.

"సెలవని లిఫ్టు ఆపేశారు మహానుభావా! అరవై మెట్లు. ఒక్కోటీ లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. నీ పద్దెనిమిదో గుంత కోసం నా మోకాళ్ళు పోయాయి" అంది, వస్తూనే.

మాలి నవ్వలేదు. నవ్వడం కూడా మర్చిపోయినట్టున్నాడు.

మూడేళ్ళలో పదకొండు మైదానాలు చేశాడు. పన్నెండోది పదిహేడో గుంత దగ్గర ఆగి నలభై రోజులైంది. ఏ దిబ్బ లేపినా పాత దిబ్బే. ఏ చెట్టు నాటినా అరువు తెచ్చిన చెట్టే. మనసు పిండేసిన నిమ్మచెక్కలా అయిపోయింది. ఎంత నొక్కినా చుక్క రాదు, చేదు తప్ప. నిన్న మేనేజర్ పిలిచి మెత్తగా చెప్పాడు. "రేపు సాయంత్రం ఆరింటికి పద్దెనిమిదోది రాకపోతే మొత్తం ఇంకొకరికి ఇచ్చేస్తానయ్యా. నువ్వు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో." ఆ విశ్రాంతికి అర్థమేంటో ఉద్యోగం చేసే ప్రతివాడికీ తెలుసు.

ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. లోపలున్నది పోతే ఎక్కడ వెతుక్కోవాలి? రాత్రిళ్ళు మాలిని తినేస్తున్నది ఆ భయమే. పచ్చగా ఒక చోటుని పుట్టించడం తప్ప అతనికి ఇంకేమీ రాదు.

"ఒక మాట చెప్పనా?" అంది పిచ్చుక, కుర్చీ దగ్గరికి లాక్కుని. "గోల్ఫ్ మైదానం చెయ్యకు."

"మరేం చెయ్యమంటావ్, గోంగూర తోటా?"

"అబ్బ, వినూ. చిన్నప్పుడు నువ్వు పరిగెత్తిన చోటు ఏదో ఒకటి ఉంటుందిగా. కళ్ళు మూసుకున్నా కాళ్ళకి తెలిసే చోటు. అది చెయ్యి. అందులో బంతి ఎలా పోతుందో తర్వాత చూద్దాం."

మాలి మొహం ఒక్క క్షణం పాలిపోయింది. "అలాంటిది ఒకటే ఉంది" అన్నాడు మెల్లగా. తర్వాత మౌస్ మీద చెయ్యి వేశాడు.

ఇక చూడాలి! నలభై రోజుల కరువు తీరా కురిసినట్టు కురిసింది. మోకాలెత్తు గడ్డి, దాని మధ్య ఇద్దరు నడిచీ నడిచీ పడిన సన్నటి బాట, ఒకవైపుకి వాలిన రెండు చెట్లు, పైన మబ్బు పట్టిన మధ్యాహ్నపు వెలుగు. పిచ్చుక వెనక నిలబడి చూస్తూ ఉండిపోయింది. ఆమెకి తెలియనిది ఒకటుంది. ఆ చోటి చివర, రాళ్ళ కోసం తవ్వి వదిలేసిన, అడుగున నీళ్ళు నిలిచిన పెద్ద గొయ్యి ఒకటి ఉండేది. మాలి గొయ్యి పెట్టలేదు. సరిగ్గా ఆ చోట నున్నటి పచ్చిక పరిచాడు. దాని నడిమధ్య గుంత పెట్టాడు. అక్కడే ఎందుకు పెట్టాడో అతని చేతికే తెలియాలి.

పని మధ్యలో అలవాటు ప్రకారం కొలత మనిషిని దింపాడు. ఈ పని చేసే ప్రతివాళ్ళూ వాడేదే. మొహం లేని బూడిదరంగు బొమ్మ. పక్కన నిలబెడితే చెట్టు ఎంత పెద్దదో, దిబ్బ ఎంత ఎత్తో తెలుస్తుంది. ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. మార్చడానికి వీల్లేదు, మారిస్తే ఇంక కొలత ఏముంది? పనయ్యాక తీసెయ్యాలి. మర్చిపోయినవాళ్ళు అందరికీ టీ పోయించాలి, అది ఆఫీసు కట్టుబాటు. మాలి ఇప్పటికి ఎనిమిది సార్లు పోయించాడు.

ఈసారి మర్చిపోలేదు. గుర్తుపెట్టుకుని మరీ తీసేశాడు.

నాలుగున్నరకి పిచ్చుక హెడ్‌సెట్ తగిలించుకుని గది మధ్యలో నిలబడింది. ఆమె చూసేదంతా మాలి తెర మీద కనపడుతోంది.

"అబ్బా... ఎంత బాగుందో! గడ్డి వాసన కూడా వస్తున్నట్టుంది." బంతి కొట్టింది. బాట వెంట నడిచింది. నాలుగడుగులు వేసి పకపకా నవ్వింది. "టీ నీదే బాబూ! కొలత మనిషిని మర్చిపోయావ్."

"తీసేశానే."

"మరి గుంత పక్కన నిలబడింది మీ తాతా?"

మాలి తెర వైపు చూశాడు. నిజమే. పచ్చిక అంచున బూడిదరంగు బొమ్మ. తీసేశాడు. పోయింది. పిచ్చుక ఇంకో నాలుగడుగులు వేసింది.

బొమ్మ అక్కడే ఉంది.

"ఏంటి మాలీ, ఇది పొట్టిగా ఉంది? నాకంటే పొట్టి ఎవరూ ఉండరనుకున్నానే. చిన్నపిల్లాడంత ఉంది." ఆమె గొంతులో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "పెదాలు లేవు కానీ... ఏదో గొణుగుతోంది."

"పిచ్చుకా, హెడ్‌సెట్ తీసెయ్."

"ఉండు. యాభై రెండు... యాభై మూడు... అంకెలు లెక్కపెడుతోంది. బాగుందే! ఎవరి గొంతు పెట్టావ్?"

అతను ఏ గొంతూ పెట్టలేదు. ఈ గుంతకి ఇంకా గాలి చప్పుడు కూడా పెట్టలేదు.

ఏసీ చలి కాదు అది. ఒంట్లోంచి పుట్టిన చలి. ముక్కుకి తడిరాయి వాసన కొట్టింది. నాచు పట్టి, ఎండ తగలని రాయి వాసన. ఇరవై రెండేళ్ళుగా అతనికి కలలో తప్ప రాని వాసన.

అప్పుడు అతనికి ఏడేళ్ళు, అక్కకి పదకొండు. కర్రలతో బంతి కొట్టుకుని ఆడేవాళ్ళు. ఆ రోజు అతను కొట్టిన బంతి పోయి గోతిలో పడింది. ఏడుపు లంకించుకున్నాడు. అక్క లంగా ఎగదోపి, "ఇక్కడే ఉండు చిట్టోడా. కదలకు. వంద లెక్కపెట్టు, ఇప్పుడే వచ్చేస్తా" అని రాళ్ళు పట్టుకుని దిగింది. చిట్టోడు వందా లెక్కపెట్టాడు. అక్క రాలేదు. కిందనుంచి ఒకసారి పిలిచింది. రెండోసారి కూడా పిలిచింది. వాడికి భయమేసింది. పరుగు... ఇంటికొచ్చి దుప్పటి ముసుగేసుకున్నాడు. చీకటి పడేదాకా ఎవరికీ నోరు విప్పి చెప్పలేదు. నాన్న ఏటా తలుపు మీద అక్క ఎత్తుకి పెన్సిల్‌తో గీత గీసేవాడు. నాలుగడుగుల ఐదంగుళాల దగ్గర గీతలు ఆగిపోయాయి.

అక్క ఎక్కడో ఏదో గోతిలో పడి పోయిందని పిచ్చుకకి తెలుసు. తను విని కూడా పారిపోయానని మాత్రం అతను ఏ దేవుడికీ చెప్పుకోలేదు.

"ఇదిగో, రెండో దెబ్బకే బంతి గుంతలో పడింది!" అంది పిచ్చుక. వెంటనే ఆగిపోయింది. "అదేంటి... చప్పుడు రాలేదు."

గుంత లోతు నాలుగంగుళాలు. బంతి పడితే టక్కుమనాలి.

ఒకటి... రెండు... మూడు... నాలుగు...

"బుడుంగ్."

ఈసారి మాలికీ వినపడింది.

పిచ్చుక గుసగుసగా అంది. "మాలీ... కింద ఎవరో ఉన్నారు. ఆడపిల్ల. పిలుస్తోంది." ఆమె మోకాళ్ళు వంచింది. నెమ్మదిగా ముందుకి వంగింది. "చిట్టోడా... అంటోంది. చిట్టోడంటే ఎవరు?"

"వంగకు!"

ఒక్క ఉదుటున లేచి ఆమె తల మీంచి హెడ్‌సెట్ లాగేశాడు. పిచ్చుక నిద్రలో లేపినట్టు బిత్తరపోయి చూసింది. ఆమె జడ చివర తడిగా ఉంది.

హెడ్‌సెట్ తను తగిలించుకున్నాడు.

మబ్బు వెలుగు. గడ్డి. పక్కనే, ఛాతీ దాకా వచ్చే బూడిదరంగు బొమ్మ. మొహం లేదు. అయినా వణుకుతోందని తెలుస్తోంది. "తొంభై ఆరు... తొంభై ఏడు..."

అది తన గొంతే. ఏడేళ్ళ గొంతు.

మాలి దాంతో పాటు లెక్కపెట్టాడు. వంద. బొమ్మ వెనక్కి తిరిగింది. అతను దాని భుజం పట్టుకున్నాడు. పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండకూడదు. కానీ చేతికి చల్లగా, సన్నగా, ఎముక తగిలింది.

"వద్దురా. ఉండు" అన్నాడు. "నూటొకటి... నూటరెండు..."

నూటయాభై దాటింది. అక్క రాలేదు. అతను గుంత మీదకి వంగి, నోరు ఆనించి, ఏడుస్తూ అన్నాడు. "అక్కా... బంతి నాకొద్దు. నువ్వొచ్చెయ్. నేనిక్కడే ఉన్నా. పోలేదు."

నోరు తీసి చెవి ఆనించాడు.

తర్వాత గుంత లోంచి తెల్లటి బంతి పైకొచ్చింది. లోపల్నుంచి ఎవరో చేత్తో అంచు మీద పెట్టినట్టు... మెత్తగా. దొర్లుకుంటూ అతని కాళ్ళ దగ్గర ఆగింది.

హెడ్‌సెట్ తీశాక అతను అరగంట పిచ్చుక ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు. ఆమె అతని జుట్టు నిమురుతూ కూర్చుంది. ఇరవై రెండేళ్ళ రాయి గుండె మీంచి జరిగినట్టయింది. ఐదూ నలభైకి ఫైలు పంపారు. కొలత మనిషి లేదు. ఇద్దరూ మూడేసి సార్లు చూసుకున్నారు. ఐదూ యాభైకి మేనేజర్ జవాబు వచ్చింది. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావయ్యా దీన్ని!"

మాలి మొహం విచ్చుకుంది. వేళ్ళు జివ్వుమంటున్నాయి. పదమూడో మైదానం అప్పుడే కళ్ళ ముందు కదులుతోంది, వాగులూ వంకలతో సహా. "కొత్తది మొదలెట్టేస్తా" అన్నాడు.

"పిచ్చి ముదిరింది" అని నవ్వి పిచ్చుక లేచింది. "టీ నీదే కానీ, ఈసారికి నా ఖాతా. కిందకెళ్ళి తెస్తాను. ఇక్కడే ఉండు. కదలకు. ఇప్పుడే వచ్చేస్తా."

తలుపు మూసుకుంది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు, టపటపా కిందకి.

ఆ మాటలు అతని చెవిలో ఆలస్యంగా పడ్డాయి.

కొత్త ఫైలు తెరుచుకుంది. ఖాళీ నేల. గడ్డి లేదు, చెట్టు లేదు, అతను ఇంకా ఏమీ పెట్టలేదు.

ముగ్గురు కొలత మనుషులు.

ఇద్దరు పక్కపక్కనే ఉన్నారు, చెయ్యీ చెయ్యీ పట్టుకుని. చిన్నదాని మీద నొక్కాడు. ఎత్తు మూడడుగుల పది. పెద్దదాని మీద నొక్కాడు. నాలుగడుగుల ఐదు.

మూడోది దూరంగా ఉంది. వాళ్ళ వైపే నడుస్తోంది. దాని మీదా నొక్కాడు.

నాలుగడుగుల పదకొండున్నర.

ఆ అర అంగుళం కూడా వదల్లేదు.

పరుగెత్తుకెళ్ళి తలుపు తెరిచాడు. మెట్ల దగ్గర దీపం లేదు. కింద చెప్పుల చప్పుడు ఇంకా వినపడుతోంది. "పిచ్చుకా!" అని అరిచాడు. చప్పుడు ఆగలేదు, తొందరపడలేదు. అప్పుడు తెలిసింది, తలుపు మూసుకున్నప్పట్నుంచీ తన పెదాలు వాటంతటవే ఒక్కో అడుగూ లెక్కపెడుతున్నాయని.

తొంభై ఒకటి... తొంభై రెండు...

ఆ భవనానికి ఉన్నవి అరవై మెట్లే. చప్పుడు ఇంకా దిగుతూనే ఉంది.