కుండలో మంచోళ్లు

కుండ శుభ్రంగా ఉంది. అనుమానం వచ్చేంత శుభ్రంగా!

ఎలీసమ్మ కుండలోకి ఒకసారి చూసింది. మనవరాలు ప్రిస్కిల్లా చేతిలోని సబ్బు పీచుకేసి ఒకసారి చూసింది.

“ఓలమ్మో! నా తరవాణి ఏటైపోనాదే?”

“పారబోసేసాను,” అంది ప్రిస్కిల్లా గడ్డం పైకెత్తి. “ఆ గంజినీళ్లు పులిసిపోయి కంపు కొడతంది. నిండా సూక్ష్మజీవులే! వాటిని వదలకూడదని మా టీచరు సెప్పింది.”

“టీచరు సేతులు కడగమంది. నా కుండ కడగమందేటి? అది మా అత్త ఇచ్చిన పులుపే! రోజూ అడుగున కొంచెం ఉంచి గంజి పోస్తే, తెల్లారేసరికి కొత్త తరవాణి అయ్యేది. ఇప్పుడెక్కడ తెస్తావు?”

“తేను! నాకు చిప్స్ సాలు.”

పేకెట్ చింపుకుంటూ బడికి వెళ్లిపోయింది.

ఆ రోజు అయిదో తరగతి పిల్లలకి టీకాలు. నర్సు దుర్గాభవాని సిరంజి తీస్తూ అడిగింది.

“పొద్దున్న ఏటి తిన్నావమ్మా?”

“చిప్స్. రోజూ అదే. ఇంకోటి తెల్సా మేడమ్? ఇవాళ మా తరవాణి కుండలో సూక్ష్మజీవులన్నిటినీ సంపేసాను!”

మెచ్చుకుంటుందనుకుంది. నర్సు పకపకా నవ్వింది.

“దొంగల కోసం వెళ్లి మంచోళ్లని సంపేసావా?”

“మంచోళ్లా?” ప్రిస్కిల్లా నోరు తెరిచింది. ఆ సందులో జబ్బలోకి సూది దిగిపోయింది.

“ఈ టీకా దొంగ ఫొటో లాంటిది. నీ ఒంట్లో పోలీసులు ఫొటో గుర్తుపెట్టుకుని, దొంగ వస్తే పట్టేస్తారు. ఆ పోలీసులకి ట్రైనింగ్‌లో సాయం చేసేది నీ పేగుల్లోని మంచి సూక్ష్మజీవులే. పప్పు, ఆకుకూరలు, పళ్లు తింటే వాటికి తిండి. రోజూ చిప్సే అయితే, పాపం, పస్తులే!”

“అయితే తరవాణి తాగితే టీకా బాగా పనిచేస్తాదా?”

“అది ఎవరూ తేల్చలేదు. ఇంకా పరిశోధిస్తన్నారు. టీకా వేయించుకోవాలి, చేతులూ కడుక్కోవాలి. కానీ సూక్ష్మజీవులన్నీ శత్రువులు కావమ్మా.”

ప్రిస్కిల్లాకి చెయ్యి కన్నా ఖాళీ కుండే ఎక్కువ నొప్పి పెట్టింది.

సాయంత్రం తిన్నగా పక్కవీధి లక్ష్మీనరసమ్మ ఇంటికి పరుగెత్తింది. పోయిన వేసవిలో ఆవిడ తన కుండ కోసం నాన్నమ్మ దగ్గరే పులుపు పట్టుకెళ్లింది. ఆ పులుపు అక్కడ బతికే ఉంది! ఆవిడనడిగి చెంబులో కొంచెం పోయించుకుని ఇంటికి బయల్దేరింది.

ఎదురుగా తన తరగతి ఈశ్వర్, చేతిలో చిప్స్ పేకెట్. ముక్కు మూసుకున్నాడు.

“ఛీ! తరవాణి గుంటొస్తంది రోయ్!”

చెంబుని సంచీ వెనక దాచెయ్యొచ్చు. దాచలేదు. నడివీధిలో నిలబడి పైకెత్తి చూపించింది.

“అవున్రా, తరవాణే! ఇందులో మంచోళ్లున్నారు. నీ పేకెట్లో ఏటుంది? సగం గాలి!”

ఇంటికి వచ్చి సబ్బుతో చేతులు కడుక్కుంది. చెంబు కుండలోకి ఒంపి, నాన్నమ్మ ముందు నిలబడింది. ఎలీసమ్మ చల్లారిన గంజి తెచ్చి పోసింది.

తెల్లారి చూస్తే కుండ మీద చాక్‌పీసుతో వంకర అక్షరాలు.

‘లోపల మంచోళ్లున్నారు. కడిగినోళ్ల మీద కేసే!’

“కేసు ఎవరి మీదే?” అంది ఎలీసమ్మ, నవ్వు ఆపుకుంటూ.

“మొదటి ముద్దాయిని నేనే.” ప్రిస్కిల్లా గ్లాసు చాపింది. “శిక్షేసేయ్, నాన్నమ్మా. నిండా పొయ్యి!”