రొమ్ములో నీళ్ళ చప్పుడు

మాచర్ల పక్క మా ఊళ్ళో మగాళ్ళంతా నాపరాతి గనికి పోయేవాళ్ళే. పొద్దున సద్దిమూట కట్టిస్తే మళ్ళీ పొద్దుగూకే వేళకి ఇల్లు చేరేవాళ్ళు. గని కూలిందని కబురొచ్చిన రోజు నేను నెత్తీనోరూ కొట్టుకుని ఏడ్చాను. దీపాలు పెట్టే వేళకి మా ఆయన బ్రహ్మయ్య ఒక్కడే నడిచొచ్చాడు. ఒంటిమీద గీత కూడా లేదు. పోలేరమ్మకి మేకని మొక్కుకున్నాను.

మర్నాడే అనుమానం పట్టుకుంది. ఆయన చెంబెత్తి తాగిన నీళ్ళు పొట్టలోకి దిగలేదు. రొమ్ములో గలగలమన్నాయి. ఆయన కునుకు తీస్తుంటే రొమ్ముకి చెవి ఆనించి విన్నాను. గుండె ఉండాల్సిన చోట ఉలుకూ పలుకూ లేదు. బొడ్డు కింద మాత్రం ఏదో దడదడ కొట్టుకుంటోంది.

పక్కింటి మరియమ్మత్తకి చెబితే కసిరింది.

"ఏందే నాగమ్మా! మొగుడు బతికొస్తే సంబరపడక ఈ సోదాలేంది? ఎవరన్నా ఇంటే నవ్విపోతారు."

నిజమే కదా అని నోరు మూసుకున్నాను. దిగులు మాత్రం పోలేదు. వీడు నా మొగుడేనా?

మొక్కు రోజు సాయంత్రం మేకని కోసి, పొట్ట చీల్చి ఇచ్చి వెళ్ళారు. లోపలిదంతా తీసి కడగడం ఆడదాని పనే కదా. యుద్ధం రోజులు, కిరసనాయిలు కరువు. చిన్న బుడ్డి పెట్టుకుని పెరట్లో కూర్చున్నాను. ఆ పచ్చి వాసనకి ఎప్పుడూ ముక్కు మూసుకుని పారిపోయే మనిషి, వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఇదేంది?"

"గుండెకాయ. నెత్తుర్ని ఒళ్ళంతా తోస్తది. తెలవదా నీకు?"

"యాడుండాలి?"

"ఈ రెండు తిత్తుల మధ్య. గాలి పీల్చేది ఇయ్యే. ఈ పల్చటి తెర కింద కార్జం, పొట్ట, పేగులు..."

నా నోరు పడిపోను, అన్నీ చూపించాను! చెప్పేకొద్దీ అతని చర్మం కింద ఏదో కదిలింది. బొడ్డు దగ్గర్నుంచి పైకి పాకింది... రొమ్ములోకి పోయి ఆగింది.

బుడ్డి ఎత్తి అతని మొహం చూశాను.

అతని దవడలు ఆడుతున్నాయి. నోట్లో ఏమీ పెట్టుకోలేదే... మధ్యాహ్నం తిన్న జొన్నన్నం మళ్ళీ నోట్లోకొచ్చింది. నెమరేస్తున్నాడు...

"ఇది మేకది," అని గొణిగాడు. "మనిషికి కుదరటల్లా."

"ఎవరు నువ్వు?" చేతిలో పేగులు వదిలేసి అడిగాను. "మా ఆయనేడి?"

"ముందు అతన్ని చూసే ఈ ఒళ్ళు చేసుకున్నా. బండ కింద అంతా నలిగిపోయింది... ఏది యాడుండాలో తెలవలా."

ఆ మాట అంటూనే నన్ను పట్టుకుని బావురుమన్నాడు. మా ఆయన గొంతే. మా ఆయన కన్నీళ్ళే. ఎందుకు ఏడ్చాడో నాకు తెలియలేదు. చెయ్యి మాత్రం నా పక్కటెముకల్ని ఒక్కొక్కటిగా తడుముతోంది...