గీత లేని గుడ్డ

సరోజ లోపలికి వచ్చేసరికి ఆమె గొంతు పూర్తిగా పోయి ఉంది. నిన్నటి నుంచి పోలీస్ చౌకీ ముందు ఏడ్చిన గొంతు మరి. చంకలో బీడీల చాట అలాగే ఉంది. ఇంట్లో పెట్టి రావాలన్న ధ్యాస కూడా లేదు పాపం.

"మా ఆయనకు ఉరి వేస్తరంటున్నరు అన్నా," అంది ప్రైవేట్ డిటెక్టివ్ కిష్టయ్యతో. "ఇద్దరు పిల్లలున్నరు. నువ్వే ఏదన్న జెయ్యాలె."

కిష్టయ్య మూతపడిన మిల్లులో ఇరవై ఏళ్లు మగ్గాలు సరిచేసే జాబర్‌గా పనిచేసి ఈ వృత్తిలోకి దిగినవాడు. తొందరపడే మనిషి కాదు. సహాయకురాలు లలిత మాత్రం అప్పటికే నోట్‌బుక్ తెరిచింది. సార్ చేతిలో పడ్డ చిక్కు విడిపోక తప్పదని ఆమె నమ్మకం.

అది తొంభై మూడో సంవత్సరం. ప్రైవేటువాళ్లు కూడా విమానాలు నడుపుకోవచ్చని సర్కారు తలుపులు తీసిన రోజులు. షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో ఎవరి నోట విన్నా సిద్ధరాములు విమానం గురించే. కరెంట్ మగ్గాల కారఖానా యజమాని సిద్ధరాములు బస్సు చార్జీకే హైదరాబాదుకు విమానం నడుపుతానన్నాడు. అందులో తిండి పెట్టరు, ఎవరి రొట్టెల మూట వాళ్లదే. హోట్గి రోడ్‌ విమానాశ్రయంలో ఎక్కితే గంటలో దిగడమే.

ఇది జరిగే పనేనా అని తేల్చే బాధ్యత పేటలోనే ఉండే నరసయ్యకు అప్పగించారు. ఆయన విమానాల కంపెనీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఆదివారం కారఖానాలో జరిగే సభలో ఆయన మాట వినాలని పేటంతా కాచుకుని ఉంది. శుక్రవారం ఆయన తన గదిలో తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. పక్కన మగ్గంలో పోగును అటూ ఇటూ తీసుకెళ్లే ఇనుప మొనల నాడె. దాని మీద సరోజ భర్త, సిద్ధరాములు కారఖానాలో నేసే అంబాదాస్ పేరు కాల్చి రాసి ఉంది.

"ముందురోజు మీ ఆయన నరసయ్యతో కొట్లాడిండట గదా?" అడిగాడు కిష్టయ్య.

"కొట్లాడిండు. విమానం కాదని రాస్తే ఊకోనన్నడు. మా అత్త హైదరాబాద్ దవాఖానకు పోతుంటే బస్సులనే పానం పోయింది అన్నా. ఆ మంటతోని అన్నడు."

"నరసయ్య సచ్చేముందు అరిచిండట. విన్నదెవరు?"

"నేనే. ఆయన ఇంటికి ఎదురుగ మా అరుగు మీద బీడీలు చుడుతున్న. పదకొండున్నరకు కరెంట్ పోయింది. మగ్గాలన్నీ బంద్ అయినయి. ఆ క్షణంలనే అరుపు ఇనొచ్చింది. జరా సేపటికే కరెంట్ మళ్లొచ్చింది. పోయి చూసేసరికి అంతా అయిపోయింది, వెనక తలుపు తీసి ఉండె."

ఆమె చాటలోని తునికాకుల కింద నుంచి రెండు కాగితాలు తీసింది. "ఆ పొద్దున నరసయ్య తాతనే ఇచ్చిండు. సభ దాక దాచిపెట్టు, నేను ఎక్కడో పెట్టి మర్చిపోత అన్నడు. నాకు సదువు రాదు."

కిష్టయ్య చదివాడు. ఆయన ముఖం నల్లబడటం లలిత చూసింది. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నరసయ్య గదిలో పొయ్యి నిండా కాలిన కాగితాల బూడిద. అక్కడి నుంచి కారఖానాకు నడిస్తే పది నిమిషాలు. అంబాదాస్ శుక్రవారం నేసిన గుడ్డ ఇంకా మగ్గం మీదే ఉంది. కిష్టయ్య దాని మీద బొటనవేలు నడిపిస్తూ ఒకచోట ఆపాడు. అడ్డంగా సన్నటి గీత. "నడిచే మగ్గం ఉన్నట్టుండి ఆగి మళ్ల మొదలైతే గిట్ల పడతది," అన్నాడు లలితతో.

సిద్ధరాములు మర్యాదగానే జవాబులు చెప్పాడు. "శుక్రవారం పదకొండు నుంచి పన్నెండున్నర దాక వెనక గదిల కరెంట్ మగ్గం మీద నేనే స్వయంగా నేసిన. విమానం సీట్లకు గుడ్డ. సభల చూపిద్దామని."

"నడుమ లేవలేదా?"

"మగ్గం నడుస్తుంటే ఎట్ల లేస్త?"

ఆ గుడ్డ మీద కూడా కిష్టయ్య వేలు ఈ కొస నుంచి ఆ కొసదాకా నడిచింది. ఎక్కడా తట్టలేదు.

ఆదివారం సభ ఆగలేదు. విమానం మాట వినడానికి రావాల్సినవాళ్లంతా హంతకుడి పేరు వినడానికి వచ్చారు. ఇన్‌స్పెక్టర్ బేడీలు వేసిన అంబాదాస్‌ను తీసుకొచ్చాడు. సరోజ భర్త వైపు చూడలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"నరసయ్య అరిచింది కరెంట్ పోయిన క్షణంల," అన్నాడు కిష్టయ్య. "శుక్రవారం కరెంట్ పోయింది ఆ ఒక్కసారే. అంబాదాస్ గుడ్డల గీత ఉంది. అంటే ఆ క్షణానికి ఆయన మగ్గం నడుస్తున్నది. నాడెల నూలు చుట్టిన కండె నాలుగు నిమిషాలకు అయిపోతది. మార్చే మనిషి లేకుంటే పోగు తప్పుతది. గీత దాక ఒక్క పోగు తప్పలేదు. పది నిమిషాల దూరంల ఉన్న ముసలాయనను ఈయన ఎట్ల చంపుతడు?"

నేతగాళ్లు తలలూపారు. వాళ్లకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

"సిద్ధరాములూ, నీ గుడ్డల గీత లేదు. పేటంతా ఆగితే నీ మగ్గం ఒక్కటే నడిచిందా?"

"గీత పడకుండ మొదలుపెట్టిన," అన్నాడు సిద్ధరాములు.

"ముప్పై ఏండ్ల సంది నేస్తున్న అంబాదాస్‌కే గీత తప్పలేదు. నీకు సాధ్యమైందా? ఆ గుడ్డ గురువారమే నేసి పెట్టినవు. ఈ కారఖానాల అంబాదాస్ రెండో నాడె ఎక్కడుంటదో నీకు తెలుసు. ఆయన కొట్లాట అందరూ విన్నరని గూడ తెలుసు."

సిద్ధరాములు సీట్ల గుడ్డను పక్కకు నెట్టేశాడు. "గురువారం సాయంత్రం నరసయ్య గదిల టైపు మెషీన్ల కాగితం చూసిన. 'ఈ లెక్కన మూడు నెలలు దాటదు' అని ఉన్నది. ఆరేండ్ల నా కలను సభల అందరి ముంగట చంపుతడనుకున్న. అందుకే దొరికిన కాగితాలన్నీ చదవకుండనే పొయ్యిల కాల్చి, ఆయనను నాడెతో కొట్టిన."

"రెండో కాగితం చదివినవా?"

అతను తల అడ్డంగా ఊపాడు. కిష్టయ్య జేబులోంచి దాన్ని తీసి లలితకు ఇచ్చాడు. ఆమె బిగ్గరగా చదివింది.

"'కానీ పెద్ద విమానం తీసుకుని, పొద్దున బొంబాయికీ మధ్యాహ్నం హైదరాబాదుకూ తిప్పి, దిగిన ఇరవై నిమిషాల్లో మళ్లీ లేపగలిగితే, బస్సు చార్జీకి రెండింతలకే ఇది నిలబడుతుంది. ఈ కుర్రవాడికి పట్టుదల ఉంది. మొదటి విమానంలో నేనే కూర్చుంటాను.'"

సిద్ధరాములు ఆ కాగితం కోసం చెయ్యి చాచాడు. ఆ చేతికే ఇన్‌స్పెక్టర్ బేడీ వేశాడు.

పేట జనం వెళ్లిపోయారు. అంబాదాస్ విడుదలై తన మగ్గం పక్కన కూర్చున్నాడు. "అయితే విమానం రాదన్నట్టేనా అన్నా?" అని అడిగాడు. దాన్ని నడిపే తెలివి చచ్చిపోయింది, నడపాలన్న పట్టుదల జైలుకు పోయింది.

సరోజ మాత్రం లలిత చేతిలోని కాగితాన్నే చూస్తోంది. మగడు దక్కినా ఆమె కళ్లలో సంతోషం లేదు.

"ఆ అరుపుకు ముందు గంటన్నర నా చాటల ఉండె అక్కా అది," అంది. "ఆ పొద్దున సిద్ధరాములు మా అరుగు ముంగట్నుంచే కారఖానాకు పోయిండు. నాకు సదువొచ్చి ఉంటే పిలిచి చెప్పేదాన్ని."