తెలుగు భూత్

ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్లలో మా సెక్టార్ చివర, నీళ్ళ ట్యాంకు వెనకాల ఓ పాత పంప్ హౌస్ ఉంది. చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్ళరు. ఈమధ్య సంగతి కాదిది, ఇరవై ఏళ్ళుగా ఇంతే. తలుపుల్లేవు, మోటార్లు ఎవరో ఎప్పుడో పీక్కుపోయారు. మిగిలినవల్లా నాలుగు గోడలూ, ఓ చెడ్డ పేరూ.

అక్కడ పంపు ఆపరేటరుగా చేసిన రామమోహనరావుది బొబ్బిలి దగ్గర ఏదో పల్లె. డ్యూటీలోనే తాగేవాడు. ఓ రోజు పొద్దున్న నీళ్ళు రాలేదని జనం తిట్టుకుంటూ వెళ్ళి చూస్తే... మోటారు పక్కన కట్టెలా పడున్నాడు. ఆ తర్వాత్నుంచి రాత్రుళ్ళు లోపల తెలుగు మాటలు వినిపిస్తాయని పుకారు. ఇక్కడి హిందీవాళ్ళు దానికి ‘తెలుగు భూత్’ అని పేరెట్టారు. నాకు ఒళ్ళు మండేది. బతికున్న తెలుగోణ్ణి ఎవడూ పేరు పెట్టి పిలవడు గానీ, చచ్చినోడికి మాత్రం బిరుదిచ్చారు!

నా పేరు రాజగోపాల్. రైల్ మిల్లులో క్రేన్ నడిపి రిటైరయ్యాను. ఇప్పుడు చెప్పబోయేది నేను చూసింది కాదు. మా పక్క క్వార్టర్ త్రినాథరావు చెప్పగా విన్నది. వినకుండా ఉంటే బాగుణ్ణని ఇప్పుడనిపిస్తోంది.

త్రినాథరావుకి ఒక్కడే కొడుకు, సురేశ్. ఠేకేదారు కింద, అంటే కాంట్రాక్టరు దగ్గర, వెల్డరు. మంచి చెయ్యి. ఆ చేతికే గ్లాసు అలవాటైంది. ఓ పొద్దున్న గేటు దగ్గర వీడి నోటి వాసన పసిగట్టి, గేట్ పాస్ లాగేసుకున్నారు. కుదిరినట్టే కుదిరిన సంబంధం ఆ వారమే వెనక్కిపోయింది. దాంతో తాగుడు తగ్గుతుందేమో అనుకున్నాం, రెట్టింపైంది. కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. లివరు పాడైపోయిందనీ, ఇంకొక్కసారి తాగితే మనిషి దక్కడనీ డాక్టరమ్మ తల్లిని పక్కకి పిలిచి మరీ చెప్పింది.

తల్లి గున్నమ్మ ఆ రోజు నుంచీ కళ్ళల్లో వత్తులేసుకుని కొడుకుని కాచింది. నలభై ఒక్క రోజులు సురేశ్ చుక్క ముట్టలేదు. వాడి మొహాన కాస్త రంగు కూడా వచ్చింది.

నలభై రెండో రోజు సాయంత్రం మనోజ్‌కుమార్ వచ్చాడు. సురేశ్‌తో కలిసి పనిచేసినవాడు, పక్కనున్న కుమ్హారి ఊరి హిందీ కుర్రాడు. కూతురు పుట్టిందట, మిఠాయి తినిపించి గంటలో దింపేస్తానని గున్నమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి మరీ తీసుకెళ్ళాడు.

పది దాటింది... పదకొండు కావొచ్చింది... సురేశ్ రాలేదు.

“ఎల్లండి,” అంది గున్నమ్మ. “గుంటడు నాకు బతికి కావాలి.”

త్రినాథరావు టార్చి పట్టుకుని బయల్దేరాడు. సర్కారు మందు దుకాణం అప్పటికే మూసేశారు. ఆ పక్కన ఉడకబెట్టిన గుడ్లమ్మేవాడు, నలుగురు కుర్రాళ్ళు సీసాలు పట్టుకుని ట్యాంకు వైపు వెళ్ళారని చెప్పాడు.

త్రినాథరావు దెయ్యాలంటే నవ్వే మనిషి. ముప్పై ఆరేళ్ళు బ్లాస్ట్ ఫర్నేస్‌లో కరిగిన ఇనుము ముందు నిలబడ్డోణ్ణి, నాకేటి భయమని మా అందర్నీ ఏడిపించేవాడు. అదే ధైర్యంతో ట్యాంకు దాటాడు.

వీధి దీపం లేదు. కాళ్ళకింద ఎండుటాకులు. ఇంకో ముప్పై అడుగుల్లో పంప్ హౌస్...

లోపల సన్నటి వెలుగేదో ఉన్నట్టనిపించి టార్చి వేశాడు. ఏమీ లేదు — చీకటి. గాలి కూడా ఆగిపోయింది. కొడుకుని పిలుద్దామని నోరు తెరిచాడు.

అప్పుడు వినిపించింది.

“చాలు... చాలు...”

బొంగురు గొంతు. లోతైన బావిలోంచి వచ్చినట్టు. ఆ వెనకే ద్రవమేదో గ్లాసులోకి పోసిన చప్పుడు — గుడగుడా... గుడగుడా...

మళ్ళీ అదే మాట, ఈసారి ఏడుపులా. “చాలు...”

కొడుకేమో అని ఓ క్షణం అనుకున్నాడట త్రినాథరావు. కానీ సురేశ్ ఇక్కడ పుట్టి, ఇక్కడ పెరిగినోడు. నోరిప్పితే హిందీయే. తండ్రి తెలుగులో అడిగినా హిందీలోనే బదులిస్తాడు. ఈ చీకట్లో తెలుగు మాట్లాడేది ఇంకెవరు... ఆ చచ్చినోడు తప్ప? అంతే! వెనక్కి తిరిగి, చెప్పు జారిపోయినా ఆగకుండా ఇంటికొచ్చి పడ్డాడు.

దెయ్యానికి భయపడి పారిపోయి వచ్చానని పెళ్ళాంతో చెప్పడానికి సిగ్గేసింది. దుకాణం దాకా వెళ్ళాననీ, ఎవరూ కనపడలేదనీ, ట్యాంకు వైపు అసలు పోలేదనీ చెప్పాడు.

తెల్లారాక సురేశ్ దొరికాడు. పంప్ హౌస్ లోపల, రక్తం కక్కుకుని.

ఠాణాలో మనోజ్‌కుమార్ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవరో టార్చి పట్టుకొస్తుంటే పోలీసులనుకుని ఫోను లైటు ఆర్పేశామన్నాడు. “సురేశ్ భాయ్ ఊరుకోలేదు, చాలూ చాలూ అంటూనే ఉన్నాడు. ఇంకా పొయ్యమంటున్నాడనుకున్నాం. అరిచి పట్టిస్తాడని గ్లాసు నోటికి పెట్టాం,” అని హిందీలో చెప్పాడు.

వాడి తప్పు కూడా కాదేమో. హిందీలో ‘చాలూ’ అంటే నడుస్తోందని కదా. మోటారు చాలూ, మిల్లు చాలూ, పార్టీ చాలూ. ప్లాంటంతా పొద్దస్తమానం అదే మాట. ఠాణాలో కేసులు రాసే మున్షీ అలాగే రాసుకున్నాడు — చనిపోయినవాడు తానే అడిగి తాగాడని.

గున్నమ్మ బల్ల పట్టుకుని లేచి నిలబడిందట. “అది మీ చాలూ కాదు బాబూ, మా చాలు. మీ ‘బస్’ అన్నమాట, ఇంక వద్దని. చిన్నప్పట్నుంచి కంచం దగ్గర నాతో అనే తెలుగు మాట వాడికదొక్కటే,” అంది.

త్రినాథరావుకి ఆ ముక్క అప్పుడే తెలిసింది. ఏ, బీ, సీ షిఫ్టుల్లో ముప్పై ఆరేళ్ళు గడిపినోడు, కొడుకు కంచం దగ్గర ఏనాడు కూర్చున్నాడు గనక?

మున్షీ మెత్తగానే అడిగాడు, మాతాజీ, అది మీరు విన్నారా అని. వినలేదు. మరి విన్నవాళ్ళెవరు? తోడున్న ముగ్గురు కుర్రాళ్ళూ ‘చాలూ’ అనే విన్నారు. ఆ టార్చి మనిషెవరో తెలుగువాడై ఉండి, వచ్చి చెబితే రాసుకుంటానన్నాడు.

త్రినాథరావు ఆమె పక్కనే కూర్చుని ఉన్నాడు.

పదకొండో రోజున నా దగ్గర కూలబడి ఇదంతా కక్కాడు. నాకు కోపం ఆగలేదు. సిగ్గు లేదట్రా నీకు, వెళ్ళి చెప్పు, కొడుకు మీద ఆ మచ్చయినా పోతుందని కేకలేశాను.

“చెప్తే గున్నమ్మ బతుకుతుందేట్రా?” అన్నాడు.



గున్నమ్మ ఇప్పుడు రోజూ సాయంత్రం సెక్టార్‌లో తెలుగిళ్ళన్నీ తిరుగుతోంది, ఆ మనిషి కోసం. ఒంటరిగా పంపలేక త్రినాథరావూ వెంట వెళ్తున్నాడు. ప్రతి గేటు దగ్గరా నాలుగడుగులు వెనకే నిలబడతాడు.

నిన్న మా ఇంటికొచ్చారు.

“అన్నయ్యా, ఆ రాత్రి అటెళ్ళింది మీరేనేటి?” అంది. “మీరే అయితే చెప్పండి. ఎందుకు ఆపలేదని అడగను. నా కొడుకు వద్దన్నాడని నలుగురికీ తెలిస్తే నాకంతే.”

గేటు దగ్గర త్రినాథరావు నేల చూస్తూ ఉన్నాడు.

“నేను కాదమ్మా,” అన్నాను.

నమ్మింది. చీర కొంగు సర్దుకుని పక్కింటి వైపు నడిచింది. త్రినాథరావు మా గేటు మూసి, ఆవిడ వెనకాలే వెళ్ళాడు.