జోగరాజు పాగా

2004 జూలై 12, సోమవారం. ఉదయం 10.40.

"మా రాజును మార్చిన్రు," అంది కోయగూడెం నుంచి వచ్చిన పుల్లమ్మ.

పోలీస్ స్టేషన్లో ఎస్ఐ వనజ బల్ల మీది ఫొటో చూసింది. అది ఒక పెయింటింగ్‌కు తీసిన ఫొటో. జోగరాజు మోకాళ్ల మీద ఉన్నాడు. పైన తలారి కత్తి. మెడ మాత్రం వంచలేదు.

పెయింటింగ్ ఎప్పుడో కాలిపోయింది. నూట ముప్పై ఏళ్ల నాటి ఈ ఫొటో ఒక్కటే కోయగూడేనికి మిగిలింది. తమ రాజు ముఖం వాళ్లకు ఇంకెక్కడా లేదు.

వారం కిందట ఫ్రేము అద్దం పగిలింది. టీచర్ సీతయ్య భద్రాచలంలో వెంకటేశ్వరరావు స్టూడియోకిచ్చి, నిన్న తిరిగి తెచ్చాడు.

"తేడా ఏంది పెద్దమ్మా?"

"పాగా. మాది నల్లగ ఉండె. గిది తెల్లగున్నది."

కానిస్టేబుల్ వీరబాబు నవ్వాడు. "మీ పాటల రాజుది పసుపు పాగా కదా?"

"పాటల పసుపే. ఫొటోల నలుపే. నాకు రెండూ ఎరుకే."

ఫొటో తిరిగి అందిందని కాగితం మీద వేలిముద్ర వేసి పొమ్మన్నాడు వీరబాబు. పుల్లమ్మ చెయ్యి కొంగులో దాచుకుంది.

వనజ సీతయ్యను పిలిపించింది. స్టూడియోలో కట్టిన ప్యాకెట్ తాను విప్పలేదన్నాడు. పసుపు పాగా కథ మాత్రం వెంకటేశ్వరరావుకు చెప్పాడట.

మధ్యాహ్నం 12.15. స్టూడియో. వనజ వెంట పుల్లమ్మ కూడా వచ్చింది.

"ఇది పాత ఫొటోనేనా?"

"అదే మేడం. క్లీన్ చేసిన."

"ఏం క్లీన్ చేసిన్రు?"

"పాగా మీద నల్ల మరక. నలుపు-తెలుపు ఫొటోల పసుపంటే తెల్లగ పడాలె కదా."

వనజ భూతద్దం పెట్టింది. "మరక గీకితే ఉత్త కాగితం మిగలాలె. ఇక్కడ పాగా మడతలున్నయి. ఎవరు గీసిన్రు?"

అతని చూపు కంప్యూటర్ మీదికి పోయింది.

"అప్పటి ఫొటో గాజు ప్లేట్ మీద పసుపు నల్లగనే పడేది," అంది వనజ. "పోలీసు ట్రైనింగ్‌ల మాకు చెప్పిన్రు. పెద్దమ్మ చెప్పిన రెండు మాటలూ నిజమే. మీరు స్కాన్ చేసి, నలుపును మరక అనుకొని దిద్దిన్రు. ఆ ప్రింటే ఫ్రేముల పెట్టిన్రు. అసలుది తియ్యండి."

బీరువా తెరుచుకుంది. అసలు ఫొటో ఇంకో ప్యాకెట్‌లో ఉంది. పైన హైదరాబాద్లో పాత వస్తువులు కొనే షాపు అడ్రసు.

"గూడెంల ఉంటే చెదలు తింటయి మేడం," గొణిగాడు వెంకటేశ్వరరావు.

"చెదలు తెల్వక తింటయి. నువ్వు తెలిసి తిన్నవ్," అంది పుల్లమ్మ.

పంచనామా రాశారు. ఫొటోను ముందు కోర్టులో పెట్టాలనీ, ఆర్డర్ వచ్చాకే ఇస్తామనీ వనజ నెమ్మదిగా చెప్పింది.

పుల్లమ్మ ఫొటోను రెండు చేతులా పట్టుకొని జీపు ఎక్కి కూర్చుంది.

"అప్పుడు తలారి కాడికి మా రాజు ఒక్కడే పోయిండు," అంది. "ఈసారి కోర్టుకు గూడెమంత ఎంట వస్తం."