గింజ ఇంకా పచ్చే!

“పండ్లు కోతకొచ్చినాయి మేడం. మబ్బు పట్టకముందే కోసేద్దాం.” బెళుగుప్ప దగ్గర తన ద్రాక్షతోటలో తొలిరోజే తొందరపడ్డాడు విష్ణువర్ధన్.

వైన్ కోసం పండ్లు కొనడానికొచ్చిన ప్రశాంతి ఒక పండు నోట్లో వేసుకుని గింజ కొరికింది. ముఖం వంకరపోయింది.

“గింజ ఇంకా పచ్చిగా ఉండాది. ఇట్లనే కోస్తే వైన్ వగరెక్కుతాది. మీరెంత గింజుకున్నా కొయ్యనియ్యను.”

ప్రశాంతికి పేరులో తప్ప ఎక్కడా శాంతి లేదు. రాప్తాడు పిల్ల. కెమిస్ట్రీ చదివి, నాసిక్‌లో వైన్ ట్యాంకులు కడగడంతో మొదలుపెట్టి, బెంగళూరు దగ్గర వైన్‌మేకరయింది. అక్కడా నిలవలేదు. “వైన్ తయారయ్యేది తోటలో. ట్యాంకు దగ్గర నేను చేసేది కాపలానే” అంటూ తోటలు పట్టుకు తిరుగుతోంది.

రోజూ పొద్దున్నే వచ్చేది. తీగ తీగనూ పలకరించి, గింజ కొరికి, తల అడ్డంగా ఊపేది. ద్రాక్ష మాగలేదు గానీ, చూసి చూసి మనవాడు మాగిపోయాడు.

ఒకరోజు తోటలోనే ఆమెకు నాసిక్ నుంచి ఫోన్. పెద్ద కంపెనీ, పెద్ద పోస్టు. “ఈ కోత కాగానే వచ్చి చేరతా సార్” అనడం విష్ణువర్ధన్ చెవిన పడింది.

మర్నాడు గింజ కొరికి ఆమె గంతేసింది. “మాగినాయి! ఈరోజే కోద్దాం!”

“పచ్చి” అన్నాడతను.

“ఏమప్పా, కొరికి చూసినావా?”

“చూసినా. పచ్చి.”

అతని నోట్లో పండే లేదు!

పడమట మబ్బు నల్లబడింది. ఏడాదంతా వానకోసం మెడ నిక్కించే ఊళ్లో, ఆరోజు వాన వద్దని మొక్కుకున్నది ప్రశాంతి ఒక్కతే.

“వానొస్తే పండు పగుల్తాది! తొలిరోజు కోద్దాం కోద్దామని ఎగిరిందెవురు?”

“కోస్తే మీరు పోతారు. పండ్లకోత మీది, గుండెకోత నాది.”

“అబ్బో, కోతలు బాగానే కోస్తాండావే!”

“కోతలు కాదు మేడం. ఉండిపోండి.”

ముక్కుమీద చినుకు పడినా ఆమె తుడుచుకోలేదు. ఫోన్ తీసింది. “సార్, నేను రాలేను. నా తోట ఈడుండాది.”

పెట్టేసి ఇటు తిరిగింది. “నాసిక్ పోతే నేనే సిక్ అవుతా. ఈ ఒక్కమాటకు ఇంత గింజుకోవాల్నా?” అని ఒక పండు అతని నోట్లో పెట్టింది. “ఇప్పుడు నమిలి చెప్పు.”

కరకర.

“మాగింది” అన్నాడు బుద్ధిగా.

గట్టుమీద నుంచి అంతా వింటున్న అతని నాయన బయ్యన్న రెండు కత్తెరలు చాచాడు.

“మీరు మాగింది నాకెప్పుడో తెలుసు పాపా. వాన పడకముందు గుత్తులు కోయండి. పడినాక ముహూర్తం పెట్టిస్తా!”