ఖాళీ అయినా ఆగని పిస్తోలు

"నీ బొటనేలు."

తుపాకులు దాచే ఆర్మరీ కిటికీలోంచి, వాటిని బాగుచేసే ఆర్మరర్ యుగంధర్ ఆ మధ్యాహ్నం కానిస్టేబుల్ అరుణశ్రీతో అన్న మొదటి మాట అదే. ఆమెకి ఒళ్లు మండడానికి అదొక్కటీ చాలింది.

"నా బొటనేలుకేటయింది?"

"దానికేటవ్వలేదు. పిస్తోలుకి కూడా ఏటవ్వలేదు. రెండూ కలిసినప్పుడే గొడవ వస్తన్నాది."

పొద్దున్నే ఏడాదికోసారి పెట్టే ఫైరింగ్ పరీక్ష జరిగింది. విజయనగరం రిజర్వు పోలీసులందరూ మంచులో వణుక్కుంటూ వరసగా నిలబడి కాల్చారు. అరుణశ్రీ గురి బాగానే కుదిరింది. కుదరనిది ఆ తరవాతది. ఆఖరి తూటా పేలగానే పిస్తోలు పైభాగం, అదే స్లైడు, వెనక్కి వెళ్లి అక్కడే ఆగిపోవాలి. నేను ఖాళీ, మళ్లీ నింపు అని పిస్తోలు చెప్పే పద్ధతి అది. అరుణశ్రీ పిస్తోలు ఆ మాట చెప్పలేదు. స్లైడు ముందుకొచ్చి మూసుకుపోయింది. ఇంకా తూటా ఉందనుకుని ఆమె మళ్లీ నొక్కింది. 'టిక్' మంది. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు.

రిజర్వు ఇన్‌స్పెక్టర్, అంటే ఆర్ఐ, నరసింగరావు నవ్వలేదు. "ఖాళీ పిస్తోలు పట్టుకుని వీఐపీని కాపాడతావా అమ్మా? ఎల్లుండి మళ్లీ కాల్చు. అప్పుడూ ఇంతే అయితే పిస్తోలు అప్పజెప్పి ఎస్కార్టుకి వెళ్లు" అన్నాడు.

ఎస్కార్టు అంటే ఖైదీలని వ్యాన్లో కోర్టులకి తిప్పడం. అదేమీ తక్కువ పని కాదు. కానీ ఆమె బ్యాచ్ ఆడపిల్లల్లో పిస్తోలు డ్యూటీ దక్కింది అరుణశ్రీ ఒక్కర్తికే. చీపురుపల్లి పక్క పల్లెలో వరి కోసే చేతులతో పెరిగిన పిల్ల దాని కోసం ఎంత కొట్లాడిందో హెడ్ క్వార్టర్సు మొత్తానికి తెలుసు.

"ఇటు సూడు" అన్నాడు యుగంధర్. పిస్తోలు పిడిలో దూర్చే మేగజైనులో పేలని ఉత్తుత్తి తూటాలు నింపి, స్లైడు లాగి లాగి అన్నీ కక్కించాడు. ఆఖరిది బయటపడగానే స్లైడు వెనక్కెళ్లి ఠక్కున ఆగింది. మళ్లీ చేశాడు. మళ్లీ ఆగింది. "మేగజైను ఖాళీ అయితే లోపల ప్లేటు పైకొచ్చి ఈ మీటని ఎత్తుద్ది. మీట స్లైడుని పట్టుకుంటాది. కాల్చినప్పుడు నీ బొటనేలు మీట మీదుంటే అదెలా లేస్తాది?"

"నా ఏలు దాని మీద లేదు."

"అందరూ అలాగే అంటారు."

"నాను అందర్లాంటిదాన్నేటి?"

దీనికి జవాబు యుగంధర్ దగ్గర ఉంది. కానీ చెప్పే ఓపిక లేదు. ముందు జాతర బందోబస్తు, అది కాగానే ఎవరో పెద్దమనిషి పర్యటన, ఆ వెంటనే ఈ ఫైరింగ్. జిల్లాలో ఉన్న తుపాకులన్నీ అతని చేతుల మీదుగానే బయటికెళ్లి అతని చేతుల మీదుగానే లోపలికొస్తాయి. కళింగపట్నంలో వాళ్ల నాన్న దాలయ్య చేపల వేటకెళ్లొచ్చి ఇసకలో పడి నిద్రపోతాడు. ఇతనికి ఆ ఇసక కూడా లేదు.

"ఆర్ఐ గారు ఫోన్ సేసినారు. వెపన్ బాగానే ఉన్నాది సార్, తప్పు ఏలిదే అని సెప్పేసినాను."

అరుణశ్రీ మొహం మారిపోయింది. "నన్నొక్క మాట అడక్కుండా సెప్పేసినావా?"

"అడిగితే ఏటి సెప్తావు? ఏలు లేదంటావు."

"లేదు కాబట్టి లేదంటాను!" ఆమె పిస్తోలు కిటికీలోకి తోసి, సంతకం గీకి, విసవిసా వెళ్లిపోయింది. కొబ్బరి నూనె వాసన మాత్రం వెళ్లలేదు. ఆమె వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఆ వాసన కాసేపు అక్కడ ఉండేది. అంత పొడుగు జడకి ఎంత నూనె పడుతుందో అని యుగంధర్ చాలాసార్లు అనుకున్నాడు. అలా అనుకునేటప్పుడు మాత్రం అతనికి అలసట గుర్తుండేది కాదు.

గుమ్మంలో కాపలా ఉన్న కూర్మయ్య గొంతు సవరించుకున్నాడు. "ఒరే, ఆ పిల్ల పొద్దున్న పిస్తోలు తీసుకోడానికొస్తాది, సాయంత్రం ఇచ్చీడానికొస్తాది. ఎస్కార్టుకెళ్లిపోతే నీ కిటికీ కాడికి ఎవులొస్తారు? నానొస్తానా?"

"నువ్వూరుకో మావా."

ఊరుకున్నాడు గానీ మాట గుచ్చుకుంది. రోజుకి రెండుసార్లు ఆ కిటికీ దగ్గర జరిగే నాలుగు ముక్కల మాటలే యుగంధర్ జీవితంలో డ్యూటీ కానివి. ఎల్లుండి ఆమె తప్పితే అవి ఉండవు. తప్పించింది తన నోటి మాటే అవుతుంది.

సాయంత్రం అరుణశ్రీని పిలిచి వరండాలో నిలబెట్టాడు. "పట్టుకో. నీకు అలవాటైనట్టు పట్టుకో."

ఆమె పట్టుకుంది. అతను వంగి చూశాడు. బొటనవేలు మీటకి దూరంగా, బుద్ధిగా ముందుకి చాపి ఉంది. ఉత్తుత్తి తూటాలు కక్కించమన్నాడు. స్లైడు ఠక్కున ఆగింది. ఎన్నిసార్లు చేయించినా వేలు ఒక్కసారీ మీట మీదకి పోలేదు.

"ఎంతసేపు సూస్తావు ఆ ఏలిని? ఉంగరం తొడుగుతావేటి?"

యుగంధర్ గభాలున నిటారుగా లేచి తల కిటికీ రెక్కకి కొట్టుకున్నాడు. ఆమెకి నవ్వొచ్చింది, కానీ కోపంలో ఉన్నానని గుర్తొచ్చి ఆపుకుంది.

"నీ ఏలు తప్పు లేదు" అని ఒప్పుకున్నాడు.

"అయితే పిస్తోలుది."

"దానిదీ లేదు."

"మరెవులిది? దెయ్యానిదా?" ఆమె గొంతులో విసుగు పోయి నీరసం వచ్చింది. "పోనీలే. ఎల్లుండి తరవాత నా బాధ తప్పుద్ది నీకు."

ఆ రాత్రి యుగంధర్‌కి నిద్ర సరిగా పట్టలేదు. అంత అలిసిన మనిషికి నిద్ర పట్టకపోవడం అన్యాయం.

తెల్లారి ఆర్మరీ తలుపు తీసేసరికి బయట పక్క చెట్టు కనిపించనంత మంచు. ఇనప సామాను ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. అరుణశ్రీ పిస్తోలు ముందరేసుకుని మేగజైను దగ్గరికి తెచ్చుకున్నాడు. గుప్పున కొబ్బరి నూనె వాసన.

తలెత్తి కిటికీ వైపు చూశాడు. ఎవరూ లేరు. ఆమె ఇంకా రాలేదు, జడా రాలేదు. వాసన మాత్రం చేతిలో ఉంది.

గబగబా ఉత్తుత్తి తూటాలు నింపి కక్కించాడు. ఆఖరిది పడింది. స్లైడు ఆగకుండా ముందుకొచ్చి మూసుకుపోయింది. మేగజైను విప్పి చూస్తే లోపల ప్లేటు పూర్తిగా పైకి రాకుండా కాస్త కిందే ఇరుక్కుని ఉంది. గోడలకీ స్ప్రింగుకీ తెల్లగా పేరుకుపోయి ఉంది, చలికాలం ఇంట్లో నూనె సీసా అడుగున గడ్డకట్టినట్టు. మధ్యాహ్నం ఎండకి కరిగిపోతుంది, అప్పుడు ఎవరు చూసినా పిస్తోలు బ్రహ్మాండం. పొద్దున్న చలికి మళ్లీ గడ్డ.

యుగంధర్ ఒక్కడే పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. తుపాకి నూనె కావాలని ఆమె ఎన్నిసార్లు అడిగింది! ప్రతిసారీ "రేపు రా" అన్నాడు. మిగతా వాళ్లకి బద్ధకంతో అన్నాడు. ఆమెకి ఎందుకన్నాడో పైకి ఒప్పుకునే ధైర్యం అప్పుడు అతనికి లేదు.

అరుణశ్రీ రాగానే మేగజైను కిటికీ మీద పెట్టాడు. "కొబ్బరి నూనె ఏసినావా?"

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "నువ్వు ఆయిల్ ఇవ్వకపోతే ఏటి సెయ్యమంటావు? తుప్పు పట్టనిమ్మంటావా? మాయమ్మ కుట్టు మిషనుకి అదే ఏస్తాది, గడగడా తిరుగుతాది."

"సలికాలం పొద్దున్నే కుడతాదా మీయమ్మ?"

ఆమె తెల్లటి గడ్డని వేలితో గీరి చూసింది. అర్థమైంది. రెండు చేతులతో మొహం కప్పుకుంది. "ఓలమ్మో! ఇది బయటపడితే నా బతుకేటి? సర్కారు పిస్తోలుకి తలకి రాసే నూనె రాసినాదంటారు. జిల్లా అంతా నవ్వుద్ది."

"ఆర్ఐ గారికి నాను సెప్తాను, తప్పు నీ ఏలిది కాదని."

"సెప్పకు! బొటనేలు తప్పనుకుంటేనే నయం. నువ్వు శుభ్రంగా తుడిసీ, నాను శుభ్రంగా కాల్సీస్తాను. అయిపోద్ది." ఆమె బతిమాలుతోంది. ఆమె బతిమాలడం యుగంధర్ ఎప్పుడూ చూడలేదు. సరేనన్నాడు.

మర్నాడు పొద్దున్న మంచు ఇంకా దట్టంగా ఉంది. అరుణశ్రీ కాల్చింది. ఆఖరి తూటా పేలింది. స్లైడు వెనక్కెళ్లి ఆగింది. ఆమె ఊపిరి తెల్లటి పొగై బయటికొచ్చింది. యుగంధర్ కూడా అప్పుడే ఊపిరి వదిలాడు.

అంతటితో అయిపోవలసిందే. నరసింగరావు ఊరుకోలేదు. వరసలో ఉన్న అందరికీ వినబడేలా, "చూశారా? వేలు సరిచేసుకుంది, సరిపోయింది. ఆడపిల్లల చేతులకి పిస్తోలు కుదరదని నేను మొదట్నుంచీ అంటున్నా. ఇక మీదట కొత్త బ్యాచ్ అమ్మాయిలెవరికీ ఇవ్వను" అన్నాడు.

అరుణశ్రీ తల దించుకుంది. ఆ దించుకోవడం యుగంధర్ భరించలేకపోయాడు.

"సార్! ఆ అమ్మాయి వేలు తప్పు కాదు సార్. నాదే తప్పు. ఆయిల్ అడిగితే నేను ఇవ్వలేదు. మేగజైనులో నూనె చలికి గడ్డ కట్టింది. నేను సరిగా చూడకుండా వెపన్ బాగుందని చెప్పాను."

"తుపాకి నూనె గడ్డ కట్టడమేంటయ్యా?"

 ఏ నూనో చెప్తే యుగంధర్ ఆమెకిచ్చిన మాట తప్పినట్టు. చెప్పకపోతే నమ్మరు. చెమట పట్టింది, ఆ చలిలో.

"కొబ్బరి నూనె సార్" అని వరసలోంచి ఆడగొంతు వినిపించింది. అరుణశ్రీ ఒక అడుగు ముందుకొచ్చి నిలబడింది. "నేనే రాశాను సార్."

 ఆ తరవాత మైదానం మైదానమంతా నవ్వింది. కూర్మయ్యకైతే దగ్గు ఆగలేదు. నరసింగరావు నవ్వాపుకోవడానికి మీసం సవరించుకుని, అది చాలక అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి గొంతు తగ్గింది. "కొత్త బ్యాచ్ గురించి నేనన్నది వెనక్కి తీసుకుంటున్నా. మీ ఇద్దరూ మాత్రం ఆదివారం కూర్చుని ఆర్మరీలో ప్రతి మేగజైనూ విప్పి తుడవండి. తుపాకి నూనెతో!"

ఆదివారం మధ్యాహ్నానికి వరండా నిండా స్ప్రింగులు. ఇద్దరి చేతులూ మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. అలసట ఎంత ఉందంటే పోట్లాడుకోవడానికి కూడా ఇద్దరికీ ఓపిక లేదు. అందుకే కాబోలు, నిజం ఏ ఇబ్బందీ పడకుండా బయటికొచ్చింది.

"ఇంత ఆయిల్ ఉన్నాది కదా" అంది అరుణశ్రీ డబ్బా ఎత్తి చూసి. "నాకెందుకు లేదన్నావు?"

యుగంధర్ చేతిలో స్ప్రింగు వదలకుండా, ఆమె వైపు చూడకుండా చెప్పాడు. "డబ్బా ఇచ్చీస్తే, ఓ నెల దాకా నువ్వు ఆయిల్ అడగవు. పిస్తోలు తీసుకుని పోతావు. రేపు రమ్మంటే రేపు కూడా నిల్సుని రెండు మాటలాడతావు. నాకు ఈ ఉద్యోగంలో రేపు అంటే భయం. నువ్వొస్తావంటే ఆ భయం లేదు. అందుకని."

ఆమె తుడిచిన మేగజైనునే మళ్లీ తుడిచింది.  అనవసరంగా నోరు జారానా అనుకున్నాడు యుగంధర్. "కోపమొచ్చిందేటి?"

"ఒక మాట అడుగుతాను, సెప్పు." ఆమె గుడ్డ పక్కన పెట్టింది. "ఈ హెడ్ క్వార్టర్సులో మగోళ్లందర్నీ నానేటని పిలుస్తాను?"

"అన్నా అంటావు. కూర్మయ్యనైతే బాబాయ్ అంటావు."

"నిన్నేటంటాను?"

యుగంధర్ ఆలోచించాడు. నువ్వు అంటుంది. ఇదిగో అంటుంది. ఓ ఆర్మరర్ అంటుంది. కిటికీ తలుపు మీద టకటకా కొడుతుంది. ఎంత వెతికినా అన్నా అన్న మాట ఒక్కసారీ దొరకలేదు.

"నానిక్కడికొచ్చి రెండేళ్లయింది" అంది అరుణశ్రీ. చెవులు ఎర్రబడ్డాయి కానీ చూపు తిప్పుకోలేదు. "నోటి దాకా వచ్చినా మింగేసేదాన్ని. ఒక్కసారి అన్నా అనేస్తే ఇంక ఎనక్కి తిరగడానికి ఉండదు కదా. పిస్తోళ్లన్నీ విప్పి సూస్తావు, ఇది కనిపెట్టలేకపోనావు."